ఫ్యాటీ లివర్ రిపోర్టు చేతికొచ్చాక: నడుము, షుగర్, బీపీ ఉన్న విశాఖవాసులకు సమగ్ర మార్గదర్శి

గ్యాస్ నొప్పి అనో, కంపెనీ హెల్త్ చెకప్ అనో పొట్టకు స్కానింగ్ తీయిస్తే, రిపోర్టు చివర ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న మాట కనబడటం ఇప్పుడు మామూలైపోయింది. గ్రేడ్ 1 అనగానే కొందరు ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తారు. గ్రేడ్ 3 అని ఉంటే లివర్ పోయిందని ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకుంటారు. రెండూ తప్పే. స్కానింగ్‌లో రాసే గ్రేడ్, కాలేయంలో కొవ్వు ఎంతమేర కనబడిందో మాత్రమే చెబుతుంది. లోపల మచ్చ కట్టి కాలేయం గట్టిపడిందా లేదా అన్న సంగతి అందులో ఉండదు. ఆ మచ్చను ఫైబ్రోసిస్ అంటారు. దానికి ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా వేరే లెక్క ఉంది. ఎఫ్4 అంటే సిరోసిస్. మనిషి భవిష్యత్తును తేల్చేది ఈ రెండో లెక్కే. గ్రేడ్ 1 ఉన్నవారిలో ముదిరిన ఫైబ్రోసిస్ బయటపడవచ్చు. గ్రేడ్ 3 ఉన్నవారిలో అసలు లేకపోవచ్చు. సిరోసిస్ బాగా ముదిరాక కాలేయంలో కొవ్వు తగ్గిపోయి, స్కానింగ్‌లో గ్రేడే కనబడని సందర్భాలూ ఉన్నాయి.

అందుకే ముందు మచ్చ సంగతి తేల్చుకోవాలి. ఆ తర్వాత బరువు, నడుము తగ్గించే పని. దాంతోపాటే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మందులు కాలేయానికీ గుండెకూ పనికొచ్చేలా డాక్టరు చేత సరిచూపించుకోవాలి. గుండె మాట ఎందుకంటే, ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఎక్కువ ప్రాణాలు తీసేది గుండె, రక్తనాళాల జబ్బులే.

ఈ జబ్బును ఇన్నాళ్లూ ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ (మద్యం వల్ల కాని ఫ్యాటీ లివర్ జబ్బు) అని రాసేవారు. 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు కలిసి ఎంఏఎస్‌ఎల్‌డీ (నడుము, షుగర్, బీపీ లాంటి జీవక్రియ లోపాలతో ముడిపడిన ఫ్యాటీ లివర్ జబ్బు) అని పేరు మార్చాయి. రిపోర్టులో కొత్త పేరు కనబడితే ఇంకో జబ్బు వచ్చిందని కంగారు పడకండి.

నూనె మానేసినా కొవ్వు ఎందుకు తగ్గదు

‘నెయ్యి ముట్టను, వేపుళ్లు తినను, అయినా ఫ్యాటీ లివర్ ఎలా వచ్చింది?’ అని చాలామంది అడుగుతారు. స్థూలకాయుల కాలేయంలో చేరే కొవ్వులో సుమారు 60 శాతం, పొట్టలోనూ ఒంట్లోనూ అప్పటికే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా వచ్చేదే. మరో పావు వంతు కాలేయం తనంతట తాను పిండిపదార్థాల నుంచి, పంచదార నుంచి తయారు చేసుకుంటుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చేది 15 శాతం దాకా.

దీనికి మూలం ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. ఇన్సులిన్ మాట వినని కొవ్వు కణాలు రాత్రింబవళ్లు కొవ్వును రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. అటు కాలేయంలో మాత్రం, రక్తంలో పెరిగిపోయిన ఇన్సులిన్ కొత్త కొవ్వు తయారీని ఇంకా ఎగదోస్తుంది. పంచదారలో సగం ఫ్రక్టోజ్. అది ఎక్కువగా కాలేయానికే చేరి, అక్కడ తేలిగ్గా కొవ్వుగా మారుతుంది. కాబట్టి నెయ్యి మానేసి, నాలుగు టీలు తియ్యగా తాగుతూ, రాత్రి కంచం నిండా అన్నం తింటే కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

మొదటి అడుగు: టేపు, బీపీ మిషను, ఒక్క రక్తపరీక్ష

ప్యాంటు సైజు నడుము కొలత కాదు. ప్యాంటు పొట్ట కిందకి జారి ఉంటుంది కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. చొక్కా తీసి నిలబడి, పక్కన చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు పెట్టండి. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా చూడండి. మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు మనకు హద్దు.

ఆ తర్వాత ఈ నాలుగు చూడండి. బీపీ 130/85 లేదా అంతకు మించి ఉందా. పరగడుపు షుగర్ 100 లేదా ఆ పైన ఉందా. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆ పైన ఉన్నాయా. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవారిలో 40 కన్నా, ఆడవారిలో 50 కన్నా తక్కువుందా. ఇప్పటికే మందు వాడుతున్నా ఆ అంశం ఉన్నట్టే లెక్క. నడుముతో కలిపి ఐదింటిలో మూడు ఉంటే, ఆ లోపాల గుంపును మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) విషయంలో మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. పాశ్చాత్య చార్టుల్లో 30 అని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ఒకే నమూనాలో ఇవన్నీ చేయించండి: సీబీపీ (రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లతో), ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష; అందులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు రెండూ ఉండాలి, కొన్ని ప్యాకేజీల్లో ఒక్కటే ఉంటుంది), పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు), క్రియాటినిన్ (కిడ్నీలకు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు). జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించి తీరాలి. కొవ్వు ఉన్న కాలేయంలో హెపటైటిస్ బి కూడా దాగి ఉంటే ఆట వేరు. ‘ఫ్యాటీ లివరే కదా’ అని దాన్ని వదిలేయడం మహా ప్రమాదం. బి నెగెటివ్ వస్తే టీకా గురించి అడగండి.

స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, టమోక్సిఫెన్, వాల్‌ప్రోయేట్, అమియోడరాన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఇవి కూడా కాలేయంలో కొవ్వు పెంచగలవు. సొంతంగా మాత్రం ఆపకండి.

ఒక హెచ్చరిక. ఏఎల్‌టీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన కాలేయం బాగున్నట్టు కాదు. ముదిరిన ఫైబ్రోసిస్ ఉన్నవారిలోనూ అది నార్మల్‌గా ఉండవచ్చు.

రెండో అడుగు: ఫిబ్-4 లెక్క

ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే లెక్క ఇది. ఇందుకు కొత్త పరీక్ష అక్కర్లేదు. చేతిలో ఉన్న రిపోర్టు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించండి. ఏఎల్‌టీకి వర్గమూలం తీసి దాన్ని ప్లేట్‌లెట్లతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

ఉదాహరణకు 48 ఏళ్ల మనిషి, బరువు 82 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు, బీఎంఐ 30 అనుకుందాం. ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. పైన 48 × 52 = 2496. కింద 64కు వర్గమూలం 8, ప్లేట్‌లెట్లు 210, రెండూ గుణిస్తే 1680. భాగిస్తే 1.49.

తప్పు ఎక్కువగా జరిగేది ప్లేట్‌లెట్ల దగ్గరే. రిపోర్టులో 2.1 లక్షలు అని ఉంటే 210 అని వేయాలి. 2.1 వేస్తే లెక్క వంద రెట్లు పెరిగి గుండె ఆగినంత పనవుతుంది. 2,10,000 వేస్తే సున్నా దగ్గరికి పడిపోయి లేని భరోసా ఇస్తుంది.

వచ్చిన అంకె 1.3 లోపుంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. షుగర్ ఉన్నవారు ఏడాది, రెండేళ్లకోసారి, మిగతావారు రెండు మూడేళ్లకోసారి మళ్లీ లెక్క వేసుకోవాలి. 1.3 నుంచి 2.67 మధ్య ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి. పై ఉదాహరణలో మనిషి ఇక్కడికే వస్తాడు. 2.67 దాటితే నేరుగా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ, కాలేయ వైద్య నిపుణులు) దగ్గరికి వెళ్లాలి.

ఈ లెక్క ఎప్పుడు దారి తప్పుతుందో తెలుసుకోవాలి. 65 దాటినవారిలో వయసు వల్లే అంకె పెరుగుతుంది. వారికి కింది హద్దు 1.3 బదులు 2.0 అనుకోండి. 35 లోపు వారిలో ఇది నమ్మదగినది కాదు. డెంగీ, వైరల్ జ్వరాలు వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఏఎస్‌టీ పెరుగుతుంది. మన ఊళ్లో వానాకాలం జ్వరాల తర్వాత తీసిన రక్తంతో లెక్క వేస్తే లేని జబ్బు కనబడుతుంది. జ్వరం తగ్గి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చి, కొన్ని వారాలయ్యాకే చేయించండి. ఏఎస్‌టీ కండరాల్లో కూడా ఉంటుంది. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ పేరిట 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన వారంలోనో, జిమ్‌లో కొత్తగా బరువులెత్తిన మర్నాడో రక్తమిస్తే ఏఎస్‌టీ కండరాల నుంచే పెరిగి ఉండొచ్చు. పరీక్షకు వారం ముందు నుంచి అలవాటు లేని కష్టం పెట్టుకోకండి.

మూడో అడుగు: ఫైబ్రోస్కాన్

పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి చిన్న తట్టులాంటి కంపనం పంపి, కాలేయం ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. నొప్పి ఉండదు. పది నిమిషాల పని. కనీసం 3 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. తిని వెళితే కాలేయానికి రక్తప్రవాహం పెరిగి గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది.

లావుగా ఉన్నవారికి ఎక్స్‌ఎల్ ప్రోబ్ కావాలి. మామూలు ప్రోబ్‌తో చర్మం కింద కొవ్వు అడ్డొచ్చి కొలత రాదు, లేదా తప్పుగా వస్తుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘ఎక్స్‌ఎల్ ప్రోబ్ ఉందా’ అని అడిగేయండి. డబ్బు కట్టాక తెలుసుకుని లాభం లేదు.

రిపోర్టులో రెండు అంకెలుంటాయి. క్యాప్ అని 100 నుంచి 400 మధ్య ఉండేది కొవ్వు లెక్క. చాలామంది ఈ పెద్ద అంకె చూసే బెదిరిపోతారు. మీరు చూడాల్సింది కిలోపాస్కల్స్‌లో ఉన్న రెండోది. 8 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 8 నుంచి 12 మధ్య ఉంటే నిపుణుల అంచనా అవసరం. 12 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం ఎక్కువ. అదే కాగితం మీద ఐక్యూఆర్ అని శాతంలో ఉంటుంది. అది 30 దాటితే కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదన్నమాట. మళ్లీ చేయించమని అడగండి. ఏఎల్‌టీ బాగా పెరిగి ఉన్నప్పుడు, గుండె వైఫల్యంతో కాలేయం ఉబ్బినప్పుడు, ఎడాపెడా తాగుతున్న రోజుల్లో కూడా ఈ అంకె ఎక్కువ చూపిస్తుంది. బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూడటం) అవసరం కొద్దిమందికే పడుతుంది.

నాలుగో అడుగు: ఎన్ని కిలోలు, ఎంత కాలంలో

ఇది వెనక్కి మళ్లించగలిగిన జబ్బు. ఎంత తగ్గితే ఏమవుతుందో కూడా తెలుసు. ఒంటి బరువులో 3 నుంచి 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 శాతం దాటితే వాపు చల్లారడం మొదలవుతుంది. 10 శాతం తగ్గినవారిలో చాలామందికి మచ్చ కూడా తగ్గుముఖం పడుతుంది. 82 కిలోల మనిషికి ఇవి వరుసగా 2.5 నుంచి 4 కిలోలు, 5.7 కిలోలు, 8.2 కిలోలు.

వారానికి పావు నుంచి అర కిలో చొప్పున, ఆరు నెలల్లో 7 నుంచి 10 శాతం అనుకుని దిగండి. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడవచ్చు, కండ కరిగిపోతుంది, ఒక్కోసారి కాలేయంలో వాపు పెరుగుతుంది కూడా. పెళ్లికో, ఫొటోలకో నెలలో పది కిలోలు తగ్గించే ప్యాకేజీల జోలికి వెళ్లకండి. బరువు వారానికి ఒకే రోజు, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక చూసుకోండి. నడుము నెలకోసారి. బరువు కదలకపోయినా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే పని జరుగుతున్నట్టే.

ఐదో అడుగు: కంచంలో ఏం మార్చాలి

రోజుకు 500 క్యాలరీలు తగ్గించాలి. ఎక్కడ్నుంచి అంటే, రోజుకు నాలుగు టీలు, టీకి రెండు స్పూన్ల పంచదార అనుకుంటే 40 గ్రాములు, అంటే 160 క్యాలరీలు. రాత్రి 150 గ్రాముల బియ్యం అన్నం తినేవారు 60 గ్రాములకు దిగితే మరో 300 పైచిలుకు. సాయంత్రం బజ్జీల ప్లేటు మానితే లెక్క దాటిపోతుంది. ఆకలితో మాడే అవసరం లేదు.

తీపి సంగతి ముందు తేలుద్దాం. అనకాపల్లి బెల్లం పంచదార కన్నా ఆరోగ్యకరమన్న నమ్మకం మన ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. బెల్లంలో ఉండేదీ చాలావరకు సుక్రోజే. తేనె, చెరకు రసం, పళ్ల రసాలు, కూల్‌డ్రింకులు, ‘ఎనర్జీ’ డ్రింకులు అన్నీ కాలేయానికి ఒకటే. కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైనే పంచదార ఉంటుంది. పండు కొరికి తినండి; జామ, బొప్పాయి, కమలా, నేరేడు రోజుకు ఒకటి రెండు సార్లు తినొచ్చు. పిండి రసం చేసుకోవద్దు. మాడుగుల హల్వా పండగ పూట చిన్న ముక్క తిని తృప్తి పడండి. ఇంట్లో డబ్బా పెట్టుకోకండి.

చిరుధాన్యాల గురించి కూడా ఒక మాట. చోడి (రాగి) అంబలి మంచిదే. కానీ చోడిలో కూడా ఎక్కువ భాగం పిండిపదార్థమే. 30 గ్రాముల పిండితో చేసిన గ్లాసు అంబలిలో వంద క్యాలరీల దాకా ఉంటాయి. అన్నం తగ్గించి దాని స్థానంలో తాగితే లాభం. అన్నం తిన్నాక అదనంగా రెండు గ్లాసులు తాగితే బరువు పెరుగుతుంది. గంటెలు, కొర్రలు, సామలు, జొన్నరొట్టె అన్నింటికీ ఇదే సూత్రం. బియ్యమైనా చిరుధాన్యమైనా పూటకు 60 నుంచి 75 గ్రాములు తూచి వండుకోండి. మొదటి పది రోజులు వంటింటి త్రాసు వాడితే తర్వాత కంటికే తెలిసిపోతుంది.

మాంసకృత్తులు తగ్గకూడదు. బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా కాపాడేవి అవే. మన 82 కిలోల మనిషికి రోజుకు 65 నుంచి 75 గ్రాములు కావాలి. 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 14 గ్రాములు, రెండు గుడ్లలో 12, చేప 120 గ్రాముల్లో 24, రెండు పూటలా కలిపి 60 గ్రాముల కందిపప్పులో 13, పావు కిలో పెరుగులో 8, గుప్పెడు వేరుశనగల్లో 7. ఇవన్నీ కలిపితే ఇంకాస్త ఎక్కువే వస్తుంది. శాకాహారులు ఉలవలు, బొబ్బర్లు, శనగలు, పనీర్, సోయా పెంచుకోవాలి. క్రియాటినిన్ ఎక్కువున్నవారు మాత్రం మాంసకృత్తుల మోతాదు డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

చేపల విషయంలో విశాఖవాసులు అదృష్టవంతులు. వంజరం, చందువ ఖరీదు ఎక్కువని చేపే మానేయనక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్‌లో చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతల్లో ఒమేగా-3 కొవ్వులు పుష్కలం. వారానికి రెండు మూడుసార్లు పులుసుగానో, పెనం మీద రెండు స్పూన్ల నూనెతోనో చేసుకోండి. మునిగేంత నూనెలో వేయిస్తే ఆ లాభం పోతుంది. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవారు ఎప్పుడో తప్ప వద్దు.

ఒక రోజు ఇలా గడపొచ్చు. పొద్దున రెండు పెసరట్లు, అల్లం చట్నీ (బెల్లం లేకుండా), ఒక ఉడికించిన గుడ్డు. ఇడ్లీ అయితే మూడు, గిన్నెడు సాంబారుతో. మధ్యాహ్నం ముందుగా 200 గ్రాముల కూర తినాలి. బీర, ఆనప, దొండ, గోంగూర, తోటకూర, ఏదైనా సరే, బంగాళాదుంప, చేమ కాకుండా. తర్వాత చేప పులుసు, పప్పు, చివర్లో 60-75 గ్రాముల బియ్యం అన్నం. మజ్జిగ. సాయంత్రం గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన ఉలవలో. రాత్రి ఎనిమిది లోపు రెండు పుల్కాలు లేదా ఒక జొన్నరొట్టె, కూర, పప్పు, ఒక గుడ్డు. నూనె మనిషికి నెలకు అర లీటరు. ఈ కొలత ఇంటికి సరుకులు తెచ్చేటప్పుడే పాటించాలి, వంట చేసేటప్పుడు చూసుకుందామంటే కుదరదు.

కాఫీ తాగే అలవాటు ఉంటే మంచి కబురు. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం మచ్చ కట్టడం తక్కువగా కనిపించింది. అరకు కాఫీ పొడితో డికాక్షన్, పంచదార లేకుండా తాగండి. గుండెదడ, నిద్రలేమి, అదుపులో లేని బీపీ ఉన్నవారు, గర్భిణులు దీనికోసం అలవాటు చేసుకోనక్కర్లేదు.

గ్లిమెపిరైడ్‌లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తూలడం కనబడతాయి. ఆహారం మార్చే ముందు రోజే డాక్టరుకు చెప్పి మోతాదు తగ్గించుకోవాలి. పూటలు మానేసే ఉపవాస పద్ధతులకూ ఇదే వర్తిస్తుంది.

స్టీల్‌ప్లాంటు, పోర్టు, రిఫైనరీ, ఆసుపత్రుల్లో సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసేవారికి ఈ ప్రణాళిక మామూలుగా కుదరదు. వారు పెద్ద భోజనం డ్యూటీకి వెళ్లే ముందే, రాత్రి ఎనిమిదిన్నర లోపు ముగించాలి. అర్ధరాత్రి క్యాంటీన్ బిర్యానీ, గంటకో తియ్యటి టీ, బిస్కట్లు, వీటితోనే వారి బరువు పెరుగుతోంది. డబ్బాలో ఉడికించిన శనగలు, రెండు గుడ్లు, ఫ్లాస్కులో పంచదార లేని కాఫీ తీసుకెళ్లండి. అర్ధరాత్రి రెండు దాటాక కాఫీ తాగొద్దు, పొద్దున నిద్ర పట్టదు. ఇంటికొచ్చాక తేలికగా తిని, గది చీకటి చేసుకుని కనీసం ఆరేడు గంటలు పడుకోవాలి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి, తీపి మీద కోరిక పెరుగుతాయి. గట్టిగా గురక, పగలు కునుకుపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) పరీక్ష అడగండి. ఊబకాయంలో అది ఫ్యాటీ లివర్‌తో జంటగా వచ్చే జబ్బు, కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తుంది.

ఆరో అడుగు: నడక ఒక్కటే చాలదు

వారానికి 150 నిమిషాల చురుకైన నడక కనీసం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. కోస్టల్ బ్యాటరీ నుంచి బీచ్ రోడ్డు వెంట పొద్దున్నే నడిచేవారు చాలామంది ఉన్నారు. కానీ కబుర్లాడుతూ మెల్లగా నడిచి, చివర్లో ఇడ్లీ బండి దగ్గర ఆగితే లెక్క సరిపోదు. వేసవిలో ఇక్కడి ఉక్కపోతకు ఏడు దాటాక నడక ప్రమాదం.

దీనికి తోడు వారానికి రెండు మూడు రోజులు కండరాలకు పని పెట్టాలి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడం, ఒక్కోటి 10-12 సార్లు, రెండేసి విడతలు. కండ పెరిగితే రక్తంలో షుగర్‌ను అదే వాడుకుంటుంది. బరువు తగ్గకపోయినా వ్యాయామంతో కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు కైలాసగిరి, సింహాచలం మెట్లెక్కి వ్యాయామం అనుకోవద్దు. స్థిర సైకిలు, ఈత మేలు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

మద్యం

60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 40 గ్రాముల దాకా. బీరు తేలికన్నది అపోహ. ఊబకాయం, షుగర్, మద్యం ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఫైబ్రోసిస్ ఏ కొంచెం ఉన్నా పూర్తిగా మానడమే దారి. రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానండి.

మందులు: ఏవి పనికొస్తాయి, ఏవి కొనకూడదు

లివర్ బాగోలేదని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఆపేయడం డాక్టర్లు ఎక్కువగా భయపడే తప్పు. ఫ్యాటీ లివర్‌లో స్టాటిన్లు సురక్షితమే, గుండెను కాపాడేవి అవే. నీరు చేరి విషమించిన సిరోసిస్‌లో మాత్రమే ఆలోచించాలి. మెట్‌ఫార్మిన్ షుగర్‌కు మంచిది, మచ్చను మాత్రం తగ్గించదు. షుగర్, ఊబకాయం కలిసి ఉన్నవారు బరువు కూడా తగ్గించే మందులు తమకు తగునా అని అడగాలి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు, ఎస్‌జీఎల్‌టీ2 రకం మాత్రలు ఆ కోవలోవి. ఎఫ్2, ఎఫ్3 దశల కాలేయ వాపుకు అమెరికా ఔషధ సంస్థ 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌ను, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌ను ఆమోదించింది. మన దేశంలో సారోగ్లిటజార్‌కు 2020లో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. పయోగ్లిటజోన్ కాలేయానికి పనిచేస్తుంది కానీ బరువు, కాళ్ల వాపు పెంచుతుంది, గుండె వైఫల్యం ఉంటే వాడకూడదు. వీటిలో ఏదీ మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

విటమిన్ ఇ 800 యూనిట్ల మోతాదు, షుగర్ లేక బయాప్సీలో వాపు రుజువైన కొందరికి మాత్రమే. ‘లివర్ టానిక్’లు మచ్చను తగ్గించినట్టు రుజువు లేదు. ‘సహజమైనవి’ అన్న పేరుతో కొనేవి ఇంకా ప్రమాదం. తిప్పతీగ కషాయాలు, మాత్రలు వాడి కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన దేశంలోనే నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం మాత్రలు, కొవ్వు కరిగించే పొడులు, ఇంటికొచ్చి అమ్మే బరువు తగ్గించే షేక్‌లు ఇప్పటికే వాడుతుంటే ఆపి, డబ్బా డాక్టరుకు చూపించండి.

ఆహారం, మందులతో దారికి రాని ఊబకాయానికి బేరియాట్రిక్ (బరువు తగ్గించేందుకు పొట్టకు చేసే) శస్త్రచికిత్స ఉంది. బీఎంఐ 27.5 దాటిన ఆసియావాసులకు దీన్ని సూచించాలని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిరోసిస్ ఉంటే ఆపరేషన్ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ముందు ఫైబ్రోస్కాన్ తప్పనిసరి.

ఎక్కడ చూపించుకోవాలి, ఎప్పుడు మళ్లీ వెళ్లాలి

ఫ్యాటీ లివర్‌ను కేంద్ర ప్రభుత్వం 2021లోనే జీవనశైలి జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. షుగర్, బీపీ మందుల కోసం దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కు వెళ్లేవారు అక్కడే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు రాయమని అడగొచ్చు. ఫిబ్-4 తక్కువుంటే అక్కడి వైద్యుల దగ్గరే కొనసాగొచ్చు. ఎక్కువుంటే కేజీహెచ్‌లోనో, హనుమంతవాక దగ్గరి విమ్స్‌లోనో, మీకు వీలైన ప్రైవేటు ఆసుపత్రిలోనో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగానికి వెళ్లండి. పాత స్కానింగులు, రక్త రిపోర్టులు తేదీల వరుసలో ఒకే ఫైలులో, వాడే ప్రతి మాత్ర స్ట్రిప్పు ఒక సంచిలో పట్టుకెళ్లండి. ఒక్కసారి చూపిన ఏఎల్‌టీ కన్నా రెండేళ్లలో ప్లేట్‌లెట్లు మెల్లగా తగ్గుతూ రావడం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

బరువు తగ్గించే పని మొదలెట్టిన మూడు నెలలకు ఎల్ఎఫ్‌టీ, హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు చూసుకోండి. మొదటి ఫైబ్రోస్కాన్‌లో 8 కిలోపాస్కల్స్ దాటినవారు ఏడాదికోసారి మళ్లీ ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. నెలనెలా అల్ట్రాసౌండ్ తీయించి గ్రేడ్ మారిందా అని చూడటం డబ్బు దండగ. సిరోసిస్ అని తేలినవారికి లెక్క వేరు: క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఉబ్బిన రక్తనాళాలున్నాయేమో అని డాక్టరు చెబితే ఎండోస్కోపీ. బాగానే ఉంది కదా అని ఒక్క విడత కూడా తప్పించకండి.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరి ఉబ్బడం, మాట తడబడి పగలూ రాత్రీ తేడా తెలియని మగత వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. వాంతిలో రక్తం పడితే 108కు ఫోన్ చేయండి.